రెజిమెంట్ ఫైల్‌లో లేకపోతే లేనట్టేనా?

అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షమైన కాన్ఫెడరేట్ సైన్యపు అధికారుల రికార్డులు వెతకడంపై మీ వ్యాసం బాగుంది. కానీ రెజిమెంట్ (సైనిక దళం) ఫైల్‌లో పేరు లేకపోతే ఒక కాన్ఫెడరేట్ ఫిరంగిదళ అధికారి గురించి ఇక ఆధారాల్లేవని అందులో తేల్చేయడం మాత్రం ఒప్పుకోలేను. బ్యాటరీలను, అంటే ఫిరంగిదళ యూనిట్లను, చాలావరకు కెప్టెన్ పేరుతోనే పిలిచేవారు. కెప్టెన్ మారితే ఆ పేరూ మారిపోయేది, కాబట్టి ఒకే బ్యాటరీ కాగితాలు వేర్వేరు పేర్ల కింద ఉండొచ్చు. పైగా స్టాఫ్ అధికారుల (సేనాధిపతుల కింద పాలనా పనులు చూసేవారి) కాగితాలు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో విడిగా ఉన్నాయి. వాటిలో హాజరు పట్టీల నుంచి ఎత్తి రాసిన కార్డులే కాదు, జీతం రసీదులు, గుర్రాల దాణా కోసం పెట్టిన అర్జీలు కూడా దొరుకుతాయి. దాణా కాగితాన్ని తీసిపారేయకండి. తేదీ, హోదా, కింద సంతకం ఉంటే ఆ రోజు ఆయన ఏ పనిలో ఉన్నాడో తెలిసిపోతుంది.

హోదా దగ్గర కూడా జాగ్రత్త. కాన్ఫెడరేట్ ఫిరంగిదళ అధికారి జాన్ పెల్హామ్‌నే చూడండి. 1863 మార్చి 17న వర్జీనియాలోని కెల్లీస్ ఫోర్డ్ దగ్గర ఫిరంగి గుండు ముక్క తగిలి పడిపోయేనాటికి ఆయన మేజర్. లెఫ్టినెంట్ కల్నల్ హోదా చనిపోయాక ఇచ్చారు. 1861లో అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్ నుంచి పట్టా రాకముందే వెళ్లిపోయాడు కాబట్టి అక్కడి పట్టభద్రుల జాబితాలోనూ కనిపించడు.

పెన్షన్ కాగితాల కోసమైతే దక్షిణాది రాష్ట్రాల ఆర్కైవ్స్‌కే రాయండి. కాన్ఫెడరేట్ సైనికులకు పెన్షన్ ఇచ్చింది ఆ రాష్ట్రాలే.