డీఎన్‌ఏ కిట్‌లో మన వంశం ఎంత దొరుకుతుంది?

అమెరికాలో స్థిరపడిన తెలుగు పిల్లలు తల్లిదండ్రులకు డీఎన్‌ఏ కిట్ కానుకగా ఇవ్వడం ఇప్పుడు కొత్తేమీ కాదు. ట్యూబులో ఉమ్మి పట్టి పోస్టులో పంపితే, కొన్ని వారాలకు ఫోన్‌లో ఫలితం వస్తుంది. ముత్తాతల ఊరేదో, ఎక్కడి నుంచి వలస వచ్చారో తెలుస్తుందని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు. తీరా చూస్తే చాలామందికి కనిపించేది ‘దక్షిణ భారతం’ అన్న మాట, పక్కన ఒక పెద్ద శాతం. ఆ సంగతి ఉమ్మి పంపకముందే వాళ్లకు తెలుసు.

ఈ టెస్టు మన పూర్వీకులను నేరుగా చూడదు. ఇప్పుడు బతికున్న మనుషుల నమూనాలతో మన డీఎన్‌ఏను పోల్చి, ఎవరికి దగ్గరగా ఉందో లెక్క చెబుతుంది. ఆ నమూనాల్లో యూరప్ మూలాలున్నవాళ్లే ఎక్కువ. అందుకే గుంటూరుకీ కరీంనగర్‌కీ మధ్య తేడా అడిగితే దాని దగ్గర జవాబుండదు. కంపెనీ నమూనాలు మార్చిందంటే, అదే ఉమ్మికి శాతాలూ మారిపోతాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది బంధువుల జాబితా. ఇద్దరి డీఎన్‌ఏలో ఉమ్మడి భాగం ఎంతుందో కొలిచి ‘వీరు మీకు మూడో తరం కజిన్ కావచ్చు’ అని చెబుతారు. అమ్మ వైపు, నాన్న వైపు వేర్వేరు కుటుంబాలైతేనే ఈ లెక్క సరిగ్గా కుదురుతుంది. మన ఇళ్లలో మేనరికాలు మామూలు. ఒకప్పుడు అక్క కూతుర్ని చేసుకున్నవాళ్లూ తక్కువేం కాదు. ఒకే ముత్తాత రెండు వైపుల నుంచీ తగులుతాడు. దానికితోడు తరతరాలుగా కులం లోపలే పెళ్లిళ్లు. దాంతో ఎంతో దూరపు చుట్టం కూడా దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. ఆ వరస నమ్మి తెలియనివాళ్లకు మెసేజ్ పెట్టేముందు ఇంటిపేరు, గోత్రం, ఊరు ఇంట్లో పెద్దవాళ్లతో సరిచూసుకోవడం మంచిది.

ఇదే జాబితా 2023లో ఇంకో ప్రమాదాన్ని బయటపెట్టింది. ఇలాంటి కిట్లు అమ్మే అమెరికా కంపెనీ 23అండ్‌మీలో హ్యాకర్లు నేరుగా చొరబడింది సుమారు 14 వేల ఖాతాల్లోకి. బంధువులను కలిపే సదుపాయం ద్వారా దాదాపు 69 లక్షల మంది వివరాలు వాళ్ల చేతికి చిక్కాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అంతమంది జన్యు సమాచారం ఎవరి చేతికి పోతుందోనన్న గొడవ కోర్టుల దాకా వెళ్లింది. చివరికి ఆ కంపెనీని దాని సహ వ్యవస్థాపకురాలు ఆన్ వోజిస్కీ నడిపే లాభాపేక్ష లేని సంస్థే కొనుక్కుంది. ట్యూబులో ఉమ్మింది ఒక్కరే అయినా అందులో అన్నదమ్ములు, పిల్లలు, ఇంకా పుట్టని మనవలు కూడా ఉంటారు. వాళ్లతో ఒక మాట అనుకోకుండా పంపడం తప్పని నా అభిప్రాయం.

జన్యుశాస్త్రం మనకు పనికిరాదని కాదు. మన గురించి గట్టి సంగతులు హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచే వచ్చాయి. అక్కడి శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన, భారతీయుల్లో దాదాపు అందరూ రెండు పురాతన జనసమూహాల కలయికేనని చూపింది. 2013 నాటి మరో పరిశోధన ఆ కలయిక జరిగిన కాలాన్ని సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితంగా లెక్కగట్టింది. ఆ తర్వాతే సమూహాలు తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ ఎవరి గిరి వాళ్లు గీసుకున్నాయి. స్వచ్ఛమైన రక్తం గురించి మాట్లాడే ప్రతి కులానికీ ఇది వర్తిస్తుంది.

ఆ గిరి ఆరోగ్యం మీదా ప్రభావం చూపింది. వైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైమ్ లోపం వంశపారంపర్యంగా వస్తోంది. మామూలుగా ఉంటే వాళ్లకే తెలియదు. ఆపరేషన్‌లో కండరాలు సడలించడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తే మాత్రం, నిమిషాల్లో తగ్గాల్సిన దాని ప్రభావం గంటల తరబడి ఉండిపోయి సొంతంగా ఊపిరి తీసుకోలేరు. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు. అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి వంశం గురించి అడిగేటప్పుడు, మన ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి అందక ఇబ్బందైందా అని కూడా అడగండి. ఆ జవాబు రాసిపెట్టి మత్తు డాక్టరుకు చూపించండి.