ఫొటోలోని సాలెపురుగు చేయని నేరాలు

దసరాకు బూజు దులిపే రోజులు రాగానే ఆ మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలవుతుంది. ఈసారి మా చుట్టాల గ్రూపులో వేసింది మిర్యాలగూడ బావ. ఒక ఫొటోలో గోడ మీద పెద్ద గోధుమరంగు సాలెపురుగు, పక్క ఫొటోలో కుళ్ళిన చెయ్యి. కింద ఐదు ముక్కలు: ఇది అమెరికా 'బ్రౌన్ రెక్లూజ్', కరిస్తే 24 గంటల్లో మాంసం కుళ్ళిపోతుంది, సాలెపురుగు ఒంటి మీద ఉచ్చ పోస్తే పొక్కులు లేస్తాయి, మూలల్లో వేలాడే సన్నకాళ్ళ దానికి ప్రపంచంలోనే అన్నిటికన్నా ఎక్కువ విషం, నిద్రలో మనం ఏడాదికి ఎనిమిదింటిని మింగుతాం, సాలెగూడున్న ఇంట్లో లక్ష్మి నిలవదు, స్ప్రే కొట్టి అన్నిటినీ చంపండి.

పొద్దున ఎనిమిదికల్లా మా అమ్మ చీపురు పట్టుకుని బాత్రూం ముందు నిలబడింది. "ఫోన్ల చూడలేదా? కొట్టు దాన్ని" అంది.

తలుపు వెనక ఉన్నది నిజంగా ఫొటోలోని జాతే. టార్చ్ వేసి చూశాను. ఒళ్ళు అంగుళం ఉంటుందేమో గానీ, కాళ్ళు చాపితే నా అరచేయి నిండుతుంది. ఒళ్ళు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి క్యాలెండర్ వెనక్కి, తలుపు సందుల్లోకి ఇట్టే దూరిపోతుంది. కళ్ళ కింద తెల్లటి చార, మీసం పెట్టినట్టు. పొట్ట కింద పాత పావలా బిళ్ళంత తెల్లటి బిళ్ళను పట్టుకుని ఉంది. అది గుడ్ల సంచి. పిల్లలు బయటికి వచ్చేదాకా తల్లి దాన్ని మోసుకునే తిరుగుతుంది. 1767లోనే స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పేరు పెట్టిన పురుగు ఇది. ఇప్పుడు దాన్ని హెటెరోపోడా వెనటోరియా అంటారు. వెనటోరియా అంటే వేటాడేది అని. వల పన్ని కూర్చోదు, ఉరికి పట్టుకుంటుంది. మా ఇంట్లో దాని వేట బొద్దింకలు.

బ్రౌన్ రెక్లూజ్ వేరే పురుగు. దాని ఊరు అమెరికా మధ్య, దక్షిణ రాష్ట్రాలు. ఒళ్ళు అర అంగుళం కూడా ఉండదు, కళ్ళు ఆరే, జంటలు జంటలుగా. మన తలుపు వెనకదానికి ఎనిమిది. ఆ అమెరికాలో కూడా సాలెపురుగు కాటే అనుకుని వచ్చిన పుండ్లలో చాలావాటికి అసలు కారణం బాక్టీరియా ఇన్ఫెక్షన్ అని డాక్టర్లు తేల్చారు. ఇక్కడైనా అంతే. షుగర్ ఉన్న మనిషికి చిన్న గీత పడి చీము పడితే, ఆ వారం ఇంట్లో కనిపించిన సాలెపురుగు మీద నేరం పడుతుంది, అసలు వైద్యం ఆలస్యమవుతుంది.

మనది అసలు కరవదని నేను అనను. చేత్తో నలిపితేనో, గుడ్లతో ఉన్నప్పుడు మీదికి పోతేనో కరుస్తుంది. తేనెటీగ కుట్టినట్టు మంట, కొంచెం వాపు. సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెడితే చాలావరకు అదే తగ్గుతుంది. కాస్త జాగ్రత్త పడాల్సింది బ్రౌన్ విడో అనే ఇంకో జాతితో. మన దేశంలోనూ ఉంది. పాత కుండీల కింద, ఆరుబయట వేసిన కుర్చీల అడుగున చిందరవందరగా వల కడుతుంది. గుర్తుపట్టడం తేలికే: దాని గుడ్ల సంచి అచ్చం పల్లేరుకాయలా ముళ్ళు ముళ్ళుగా ఉంటుంది. అలాంటివి కనిపిస్తే ఉత్త చెయ్యి పెట్టకండి, అంతే.

నన్ను నిజంగా భయపెట్టేది ఈ మెసేజ్ చేసే ఇంకో పని. మా వైపు ఊళ్ళలో ఇప్పటికీ చాలామంది నేల మీద చాప వేసుకుని పడుకుంటారు. రాత్రి ఏదో చురుక్కుమంటుంది, లైటు వేస్తే గోడ మీద సాలెపురుగు. "అదే కుట్టింది" అనుకుని పసుపు రాసుకుని పడుకుంటారు. కానీ అది కట్లపాము కావచ్చు. దాని కాటు నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం మొదలయ్యాయంటే గోడ మీది పురుగుతో పని లేదు. పాము విషానికి మందు ఉన్న ఆసుపత్రికి అప్పటికప్పుడే పోవాలి. అసలు, నేల మీద పడుకున్నప్పుడు ఏం కుట్టిందో కంటితో చూడకపోతే ఆ లక్షణాల కోసం కూడా ఆగొద్దు.

ఉచ్చ సంగతి. ఇది మా నాయనమ్మ కాలం నుంచి ఉన్న మాటే, బావను ఒక్కణ్ణి అనడానికి లేదు. పొక్కులు నిజం, దొంగ వేరు. వానాకాలం పొలాల పక్క ఇళ్ళలో ట్యూబులైటు దగ్గరికి చీమలాంటి సన్నటి పురుగొకటి వస్తుంది. నల్లటి తల, నారింజ రంగు నడుము, పొట్టి నీలం రెక్కలు, తోక చివర మళ్ళీ నలుపు. పెడెరస్ అంటారు. అది కుట్టదు, కరవదు. మెడ మీద పాకుతుంటే మనమే చేత్తో రుద్దేస్తాం, దాని ఒంట్లోని రసం చర్మానికి అంటుతుంది. మంట వెంటనే రాదు, మర్నాటికి గీత గీసినట్టు ఎర్రబడి పొక్కులు లేస్తాయి. అప్పటికి ఆ పురుగు ఎవరికీ గుర్తుండదు, మూలనున్న సాలెగూడు మాత్రం కళ్ళ ముందే ఉంటుంది. కాబట్టి రుద్దొద్దు, ఊదేయండి, ఆ చోటును సబ్బుతో కడగండి.

నడుముకో ఛాతీకో ఒక పక్కనే పట్టీలా పొక్కులు వచ్చి నరం లాగుతున్నట్టు నొప్పి ఉంటే అది సర్పి. ఎప్పుడో వచ్చిపోయిన ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని మళ్ళీ లేవడం. దానికి మందులు మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. మంత్రం వేయించుకునే టైం కాదు.

సన్నకాళ్ళ సాలెపురుగు ఏదో మీకు తెలుసు. మెట్ల కింద, దేవుడి గది మూలన తలకిందులుగా వేలాడుతుంది. వేలితో తాకితే వలంతా ఊపేస్తూ తానే కనబడకుండా పోతుంది. అంత విషం ఉన్నా కోరలు చిన్నవి కాబట్టి బతికిపోయాం అంటుంది మెసేజ్. రెండూ తప్పే. దాని కోర మన చర్మాన్ని గుచ్చగలదు, గుచ్చినా క్షణం సేపు చిన్న మంట. డెంగీ తెచ్చే దోమ కూడా దాని వలలో పడుతుంది. పొద్దున్నే దాని కింద నేలను చూడండి, దోమల కాళ్ళూ రెక్కలూ రాలి ఉంటాయి.

ఏడాదికి ఎనిమిది మింగడమనేది ఎవరూ లెక్కపెట్టని లెక్క. గురక పెట్టే నోరు సాలెపురుగుకు ఊగే గుహ, అది దగ్గరికే రాదు.

ఇక లక్ష్మి. శ్రీకాళహస్తి అనే పేరులో శ్రీ అంటే సాలెపురుగే, శివుడికి గూడు కట్టి మోక్షం పొందింది. అలాగని బూజు ఉంచుకోమనడం లేదు. దుమ్ము పట్టి వేలాడే బూజు చాలావరకు అది వదిలేసిపోయిన ఖాళీ ఇల్లు, నిక్షేపంగా దులపండి. స్ప్రేతోనే నా గొడవ. ఇదే బావ వరి పొలంలో సుడిదోమ అనే చీడ పడితే, మిత్ర పురుగులు పోతాయి, మందు అప్పుడే కొట్టొద్దని వ్యవసాయాధికారి చెబితే విన్నాడు. ఆ మిత్ర పురుగుల్లో ముందు వరుసలో ఉండేది సాలెపురుగే. పొలంలో మిత్రుడు, ఇంట్లో శత్రువు ఎట్లా అయ్యాడో ఆయనే చెప్పాలి.

మా అమ్మకు ఇంత ఉపన్యాసం ఇవ్వలేదు. ప్లాస్టిక్ డబ్బా దాని మీద బోర్లించి, గోడకూ డబ్బాకూ మధ్య పాత పెళ్లికార్డు మెల్లగా జరిపి, గుడ్ల సంచితో సహా తీసుకుపోయి పెరట్లో కట్టెల కుప్ప దగ్గర వదిలాను. నాలుగో రోజు రాత్రి సింకు కింద రెండు బొద్దింకలు కనిపించాయి. అమ్మ నా వైపు చూసింది, ఏమీ అనలేదు.

బావకు ఇదంతా వాయిస్ మెసేజ్ పెట్టాను. పూర్తిగా విన్నట్టు లేడు. "సరే గానీ, మా వంటింట్ల కూడా గసొంటిదొకటి ఉంది, ఆదివారం వచ్చి పట్టుకపో" అన్నాడు. డబ్బా, పెళ్లికార్డు బండి డిక్కీలో పెట్టుకున్నాను.