ఎదుటివాడి కళ్లలో కొట్టే వెలుతురు నాకెందుకు?

రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే కూర్చున్నాను. కళ్లు మండుతున్నాయి, ఒళ్లు అంతకన్నా ఎక్కువ మండుతోంది. ఆయిల్ మార్చమని నేను నడిపే లారీని గ్యారేజీకి పంపితే, నన్ను ఒక్క మాట అడగకుండా హెడ్‌లైట్లలో ఉన్న హాలోజన్ బల్బులు పీకేసి తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు బిగించారు. తాళం చేతికిస్తూ మెకానిక్ "అన్నా, పట్టపగల్లా ఉంటుంది చూడు" అన్నాడు. ఓనరు చెప్పి వేయించాడట.

పట్టపగలట! బంపర్ ముందు కాస్త దూరం రోడ్డు తెల్లగా మెరిసిపోయింది, ఆ తర్వాత చిమ్మచీకటి. దగ్గర్లో అంత వెలుగు పరిస్తే కంటిపాప చిన్నదైపోతుంది, దూరంగా ఉన్నది ఇంకా కనపడకుండా పోతుంది. లారీకి కావలసింది దూరం. 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 22 మీటర్లు వెళ్లిపోతాం. బరువుతో ఉన్న బండి బ్రేక్ తొక్కగానే ఆగదని మన వాళ్లకు చెప్పక్కర్లేదు.

రాత్రంతా ఎదురొచ్చిన ప్రతివాడూ లైటు దించమని నాకు డిప్పర్ కొట్టాడు. నేను డిమ్ములోనే ఉన్నాను. డిమ్ములోనే ఉన్నానని చూపించడానికి ఒకసారి ఫుల్ లైట్ వేసి దించితే అవతలివాడికి ఇంకా కోపం వచ్చింది. ఒక కారతను వేగం తగ్గించి, అద్దం దించి, నోటికొచ్చినట్టు తిట్టి పోయాడు. అతని స్థానంలో నేనున్నా తిట్టేవాణ్ణే. ఇన్నేళ్ల సర్వీసులో ఎదురు బండి కనపడగానే లైటు దించే అలవాటు నాది. అలాంటి నన్ను పొగరుబోతు కింద జమకట్టారు. అదే నాకు ఎక్కువ బాధ.

ఆ మెకానిక్ ఒక్కసారి పాత హెచ్‌4 రకం హాలోజన్ బల్బును చేత్తో పట్టుకుని చూసి ఉంటే బాగుండేది. గాజు లోపల రెండు ఫిలమెంట్లుంటాయి. డిమ్ములో వెలిగేదాని కింద చిన్న లోహపు డొప్ప ఉంటుంది. ఆ డొప్ప ఊరికే లేదు. కిందికి పోయే వెలుతురు రిఫ్లెక్టర్ (బల్బు చుట్టూ మెరిసే గిన్నె) కింది సగం మీద పడితే అక్కణ్ణించి పైకి లేచి ఎదుటివాడి మొహంలో కొడుతుంది, అలా పడకుండా ఆపేది ఆ డొప్పే. రిఫ్లెక్టర్‌లోని ప్రతి వంపూ ఆ ఫిలమెంటు ఎక్కడుంటుందో లెక్కేసి చేసినదే. ఫిలమెంటు నుంచి వెలుతురు చుట్టూ వస్తుంది. ఎల్‌ఈడీ బల్బులో చిప్పులు ఒక పలక మీద చెరోవైపు అతికించి ఉంటాయి, వెలుతురు ప్రధానంగా ఆ రెండు వైపులకే పోతుంది. ఆ పలక మందం ఎక్కువైనా, చిప్పు ఒక్క మిల్లీమీటరు జరిగినా డిమ్ము గీత, అంటే వెలుతురు పైకి పోకుండా ఆగే అంచు, చెదిరిపోతుంది. నా బండి లైటు గోడ మీద వేసి చూశాను. గీత అనేదే లేదు. పైనా కిందా ఒకటే తెల్లటి మచ్చ.

బల్బు పెట్టె మీద వేలకు వేలు ల్యూమెన్లు (వెలుతురు కొలత) రాస్తారు. మామూలు హాలోజన్ హెచ్‌4 డిమ్ములో ఇచ్చేది దాదాపు 1000 ల్యూమెన్లు. సరైన చోట పడితే ఆ వెయ్యి చాలు. యూరప్‌లో 2000 ల్యూమెన్లు దాటిన డిమ్ము లైట్లకు లోడును బట్టి ఫోకస్ తనంతట తానే సర్దుకునే ఏర్పాటు, అద్దం కడిగే ఏర్పాటు రెండూ ఉండాలని ఎప్పుడో పెట్టారు. ఎల్‌ఈడీ బల్బులకు అక్కడ కూడా అనుమతిస్తున్నారు కదా అని కామెంట్లలో వాదించేవాళ్లకు ముందే చెబుతున్నాను. జర్మనీలో 2020 నుంచి కొన్నింటికి ఇచ్చారు, నిజమే. ఫలానా బల్బును ఫలానా మోడల్ లైటులో పరీక్షించి, ఆ జతకు మాత్రమే ఇచ్చారు. ఏది దొరికితే అది దూర్చుకోమని కాదు.

ఇంకోటి చూడండి. ఆ ఎల్‌ఈడీ బల్బు వెనకాల ఫ్యాను, అల్యూమినియం ముక్క ఉంటాయి. హెడ్‌లైటు వెనక ఉండే రబ్బరు మూత దాని మీద పట్టదు. ఏం చేశారో తెలుసా? మూతను బ్లేడుతో కోసేశారు! ఇక దుమ్ము, నీళ్లు నేరుగా లోపలికే. కొన్నాళ్లకు రిఫ్లెక్టర్ మీది మెరిసే పూత పొరలు పొరలుగా లేచిపోతుంది. అప్పుడు మళ్లీ వెలుతురు చాలట్లేదంటారు, మళ్లీ ఇంకా పెద్ద బల్బు అంటారు.

వెలుతురు పెంచడమే తప్పని నేననట్లేదు. రాత్రి బండి నడిపేవాడికి వెలుతురు విలువ తెలియకపోవడమేంటి? నేనే ఎన్నాళ్లుగానో అడుగుతున్నాను. స్విచ్ దగ్గర్నుంచి హోల్డర్ దాకా పాత వైరు, తుప్పు పట్టిన ఎర్తు, కాలి నల్లబడ్డ హోల్డర్. దారిలో వోల్టేజీ 10 శాతం పడిపోతే హాలోజన్ వెలుతురు 30 శాతం దాకా పోతుంది. రిలే (లైట్ల కరెంటును స్విచ్ బదులు తానే కలిపే చిన్న పెట్టె) పెట్టి, బ్యాటరీ నుంచి లావు వైరు లాగండి సార్, అదే బల్బు రెట్టింపు పనిచేసినట్టుంటుంది అని చెప్పాను. పసుపెక్కిన ముందు అద్దం పాలిష్ చేయించమన్నాను, పనికిరాకపోతే మార్చమన్నాను. "వచ్చే ట్రిప్‌కు చూద్దాం" అన్నాడు. ఆ వచ్చే ట్రిప్ ఇప్పటికీ రాలేదు. నిరుడు ఇంకో బండికి 75 వాట్ల చోట 100 వాట్ల బల్బులు వేయించాడు. తీగలో వేడి ముప్పావు వంతుకు పైగా పెరిగి హోల్డర్ ప్లాస్టిక్ కరిగి కారింది. నడిరోడ్డు మీద లైట్లు రెండూ పోయాయి.

ఫోకస్ సంగతైతే ఎవరికీ పట్టదు. వెనక లోడ్ పడితే బండి ముక్కు లేస్తుంది. ఒక్క డిగ్రీ లేస్తే 100 మీటర్ల దూరంలో వెలుతురు దాదాపు 1.75 మీటర్లు పైకి పోతుంది, సరిగ్గా కారు అద్దంలోకి. లోడ్ వేశాక గోడ ముందు బండి నిలిపి, స్క్రూ రెండు చుట్లు తిప్పితే అయిపోయే పని. దానికి టైం లేదు. క్యాబిన్ మీద రంగు లైట్ల వరసకు మాత్రం టైం ఉంది, పది రకాలుగా కూసే హారన్‌కు టైం ఉంది, బంపర్‌కు పెయింట్ వేయించడానికి రెండు రోజులు బండి ఆపడానికీ టైం ఉంది. వైపర్ బ్లేడు అడిగితే, సీటు స్ప్రింగు అడిగితే, స్టెప్నీ అడిగితే డ్రైవర్లకు అడగడం తప్ప వేరే పని లేదంటారు. బయటివాడు చూసి భలే ఉందనేది ముందు, లోపల కూర్చున్నవాడి ప్రాణం ఆ తర్వాత.

నాతో పాటే లైసెన్స్ తీసుకున్నవాడు ఒకడుండేవాడు. ఎదురొచ్చిన బండి లైట్లకు కళ్లు బైర్లు కమ్మి రోడ్డంచు దిగిపోయాడు. మూడు సెకన్లు కనపడకపోతే ఆ వేగంలో 66 మీటర్లు గుడ్డిగా పోయినట్టే కదా. ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ వాడు అదే చెప్పాడు, "లైటు కొట్టిందిరా, ఏమీ కనపళ్లేదు" అని. కాగితాల్లో ఏం రాశారు? డ్రైవర్ నిద్రపోయాడని. వాడి ఓనరు కూడా ఆ మాటే పట్టుకుని జీతం బాకీ ఎగ్గొట్టాడు. ఆ ఎదుటి బండికి ఏ బల్బులున్నాయని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. వాడు మళ్లీ స్టీరింగ్ పట్టలేదు.

ఈ పోస్ట్ మా ఓనరుకూ చేరుతుందని తెలుసు, చేరాలనే రాస్తున్నాను. సార్, ఈ రాత్రి మన బండిని లోడుతో రోడ్డు మీద నిలిపి డిమ్ము వేయించండి. మీరు మీ కారులో ఎదురుగా రండి, పక్క సీట్లో మీ అబ్బాయిని కూర్చోబెట్టుకుని రండి. వచ్చాక కూడా ఆ బల్బులే ఉంచమంటే, వేరే డ్రైవర్‌ను చూసుకోండి.