పాట ముందు, సంతకం తర్వాత

2012 జూన్ 1న ‘ఆల్ టైమ్ లో’ బ్యాండ్ కొత్త పాటను తన సొంత వెబ్‌సైట్‌లో పెట్టింది. అప్పటికి దాని వెనుక ఏ లేబులూ, అంటే పాటలు రికార్డు చేయించి అమ్మే ఏ సంస్థా లేదు. అంతకుముందే ఇంటర్‌స్కోప్ లాంటి దిగ్గజ సంస్థ నుంచి బయటికొచ్చేశారు. అమెరికాలో బాల్టిమోర్ పక్కనున్న టౌసన్ అనే ఊళ్లో, 2003లో, హైస్కూల్ కుర్రాళ్లుగా మొదలైన నలుగురు వీళ్లు. వేగంగా కొట్టే డ్రమ్స్, రెండోసారి విన్నప్పుడే నోటికొచ్చేసే పల్లవి: వీళ్లు వాయించే పాప్ పంక్ అంటే అదే.

ఇలాంటి సంఘటనను అందరూ ‘స్వేచ్ఛ కోసం తిరుగుబాటు’ అంటారు. నాకు అందులో అంతకన్నా ముఖ్యమైన విషయం వేరే కనిపిస్తుంది. మామూలుగా లేబుల్ ఒప్పందం మీద సంతకం ముందు, పాట తర్వాత. వీళ్లు ఆ వరసను తిరగేశారు.

పెద్ద లేబుల్ ఒప్పందం ఎలా నడుస్తుందో మన రైతుకు చెబితే చిటికెలో అర్థమవుతుంది. కమీషన్ వ్యాపారి దగ్గర పెట్టుబడి తెచ్చుకున్నవాడు పంటను అతనికే అమ్మాలి, అతను చెప్పిన ధరకే అమ్మాలి. లేబుల్ ఇచ్చే అడ్వాన్సూ అంతే. స్టూడియో ఖర్చు, సాధారణంగా వీడియో ఖర్చులో కొంత కూడా, బ్యాండ్ రాయల్టీలోంచే, అంటే అమ్మకాల్లో దానికి రావాల్సిన వాటాలోంచే మినహాయిస్తారు. ఆ బాకీ తీరేదాకా ఆల్బమ్ అమ్మకాల మీద బ్యాండ్ చేతికి పైసా రాదు. తీరాక కూడా మాస్టర్ రికార్డింగ్, అంటే కాపీలన్నిటికీ మూలమైన అసలు రికార్డింగ్, ఎక్కువగా లేబుల్ సొత్తే. అప్పు తీర్చినా పొలం షావుకారి పేరు మీదే ఉండిపోవడం లాంటిది ఇది. అదే అప్పు లేకుండా పంట కల్లంలో కుప్పపోసుకుని బేరానికి కూర్చున్నవాడి మాట తీరే వేరు.

ఇంటర్‌స్కోప్‌లో వీళ్లు చేసింది ఒకే ఆల్బమ్, ‘డర్టీ వర్క్’. మార్చిలో రావాల్సింది వాయిదాపడి 2011 జూన్‌లో విడుదలైంది. ఒక పాటకు వీజర్ బ్యాండ్ గాయకుడు రివర్స్ క్వోమో, ఇంకో పాటకు ఆర్‌అండ్‌బీ రచయిత ది-డ్రీమ్ కలం కలిపారు. ఇద్దరూ గట్టివాళ్లే, ఆల్బమ్ కూడా చెడ్డదేం కాదు. అయినా అది వింటుంటే, రేడియోకు ఏం నచ్చుతుందో తెలిసినవాళ్లు చాలామంది ఒకే గదిలో కూర్చున్నట్టుంటుంది. టౌసన్ కుర్రాళ్లు ఆ గదిలో ఓ మూలన ఉంటారు.

తర్వాతి ఆల్బమ్ ‘డోంట్ పానిక్’. పాత పరిచయస్తుడైన నిర్మాత మైక్ గ్రీన్‌తో, లేబుల్ లేకుండానే పని మొదలైంది. 2012 జులైలో పాత గూడు హోప్‌లెస్ రికార్డ్స్‌కు తిరిగి చేరారు. 1993లో లూయిస్ పోసెన్ కాలిఫోర్నియాలో పెట్టిన చిన్న సంస్థ అది. అక్టోబరులో ఆల్బమ్ బయటికొచ్చి అమెరికా ఆల్బమ్‌ల జాబితా బిల్‌బోర్డ్ 200లో ఆరో స్థానంలో అడుగుపెట్టింది. ‘డర్టీ వర్క్’ మొదలైందీ ఆరో స్థానంలోనే. పెద్ద సంస్థ హంగు ఉన్నా లేకున్నా కొనేవాళ్లు కొన్నారు. వాళ్లు ఈ బ్యాండ్ ఏళ్ల తరబడి వ్యాన్లలో ఊరూరా తిరిగి సంపాదించుకున్న జనం. 2015లో అదే హోప్‌లెస్ నుంచి వచ్చిన ‘ఫ్యూచర్ హార్ట్స్’ అమెరికాలో రెండో స్థానం, బ్రిటన్‌లో మొదటి స్థానం అందుకుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ దారి అందరికీ ఉండదు. లేబుల్ లేని నెలల్లో స్టూడియో అద్దె కట్టుకోగలగాలి, పాట పెట్టిన రోజే వినే జనం ఉండాలి. నిన్న మొన్న మొదలైన బ్యాండ్‌కు ఆ రెండూ ఉండవు. పైగా ఇంటర్‌స్కోప్ వీళ్లను వదిలింది. వదలకుండా, ఆల్బమ్ విడుదల చేయకుండా ఏళ్లపాటు కట్టిపడేసిన కథలు ఈ రంగంలో తక్కువేం కాదు. వీళ్లూ చిన్న లేబుళ్లకే కట్టుబడిపోలేదు. 2017 నాటికి వార్నర్ గొడుగు కింది ఫ్యూయెల్డ్ బై రామెన్‌కు వెళ్లారు. అందుకే దీన్ని పెద్దా చిన్నా పోరుగా చూడడం నాకు నచ్చదు. బేరానికి కూర్చునేటప్పుడు చేతిలో ఏముంది అన్నదే అసలు విషయం.

యాదృచ్ఛికమే కానీ, అదే 2012 జూన్‌లో మన దేశంలో కాపీరైట్ చట్ట సవరణ అమల్లోకి వచ్చింది. పాట రాసినవారు, బాణీ కట్టినవారు తమ రాయల్టీ వాటాను నిర్మాతకో, ఆడియో కంపెనీకో రాసిచ్చేయడం ఇక చెల్లదని అది చెప్పింది. మంచి చట్టం. కానీ మాస్టర్ సంగతి అలాగే ఉంది. సినిమా పాట రికార్డింగ్ ఇప్పటికీ దానికి డబ్బు పెట్టినవాళ్లదే. సొంతంగా పాటలు చేస్తున్న మన తెలుగు కుర్రాళ్లు తమ రికార్డింగ్ తమ పేరు మీదే ఉంచుకోవాలని గట్టిగా కోరుకుంటాను.

‘డోంట్ పానిక్’లో ‘ఔట్‌లైన్స్’ అనే పాట ఉంది. అందులో ఆల్ టైమ్ లో గాయకుడు అలెక్స్ గాస్కార్త్‌తో పాటు జేసన్ వీనా పాడారు. ఆయన బ్యాండ్ ‘అక్సెప్టెన్స్’ 2005లో కొలంబియా రికార్డ్స్‌కు ఒకే ఒక్క ఆల్బమ్ చేసి, మరుసటి ఏడాదే విడిపోయింది. ఆరేళ్ల తర్వాత, పెద్ద లేబుల్ నుంచి బయటపడిన నలుగురు ఆయన్ని పిలిచి మైకు ఇచ్చారు. ఆ పాట పెట్టిన ప్రతిసారీ నా చెవి ముందు ఆయన గొంతునే వెతుక్కుంటుంది.