రాజాధిరాజా, ముందు మామూలు ఇవ్వండి

ప్రపంచంలో పన్ను వసూలు చేయడం నిజంగా తెలిసినవాళ్లు ఎవరని నన్నడిగితే రోమన్ల పేరు చెప్పను, బ్రిటిష్ వాళ్ల పేరు అసలే చెప్పను. ఇరాన్‌లో జాగ్రోస్ కొండల మీద గొర్రెలు కాసుకున్న ఉక్సియన్లకి ఓటేస్తాను.

పర్షియా సామ్రాజ్యం అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. మొదటి డేరియస్ రాజ్యాన్ని 20 మండలాలు చేసి ఎవరెంత కట్టాలో తేల్చేశాడు: బాబిలోన్ వాళ్లు ఏటా 1,000 టాలెంట్ల వెండి, సింధు వైపు భారతీయులు 360 టాలెంట్ల బంగారు పొడి, అరబ్బులు 1,000 టాలెంట్ల సాంబ్రాణి. టాలెంటంటే తక్కువలో తక్కువ పాతిక కిలోలు. ఈ వసూళ్ల పిచ్చి చూసి సొంత జనమే ఆయన్ని చిల్లరకొట్టు యజమాని అనేవారని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. అంతటి వంశంలో పుట్టిన రాజుగారు రాజధాని సూసా నుంచి సొంత ఊరు పర్సెపోలిస్ వైపు బయల్దేరితే మధ్యలో ఒక కనుమ, ఆ కనుమలో కొండ ఉక్సియన్లు, మామూలు ఇస్తేనే దారి. ఇచ్చేవాడు! (మైదానంలో ఉన్న ఉక్సియన్లు మాత్రం గవర్నరు మాట విని బుద్ధిగా బతికారు, కాబట్టి వాళ్ల గురించి రాయడానికేమీ లేదు.)

మన హైవే టోల్‌గేట్ల దగ్గర ఎవరెవరు కట్టక్కర్లేదో రాష్ట్రపతితో మొదలుపెట్టి ఒక పెద్ద బోర్డు రాసి పెడతారు కదా, ఉక్సియన్ల పద్ధతి దానికి పూర్తిగా తలకిందులు, బిల్లు నేరుగా రాజుగారి పేరు మీదే. ఫారం లేదు, గడువు పొడిగింపు లేదు. ఆడిట్ వాళ్లకి ఒక్క అభ్యంతరం మాత్రం దొరుకుతుంది: ఈ కొండవాళ్ల దగ్గర డబ్బూ లేదు, సాగుభూమీ లేదు, ఉన్నవల్లా పశువులేనని అలెగ్జాండర్ చరిత్ర రాసిన అర్రియన్ చెప్పాడు. మరి రాజుల దగ్గర అన్నేళ్లు తీసుకున్నదంతా ఏమైనట్టు?

క్రీ.పూ. 331 చివర్లో అలెగ్జాండర్ వచ్చాడు. అప్పటికే సూసా ఖజానాలో ఆయనకి 50,000 టాలెంట్ల వెండి చిక్కింది. అయినా వీళ్లు బెదరకుండా, పర్షియా రాజు ఇచ్చేది మీరూ ఇస్తే పోనిస్తామని కబురు పెట్టారు. సామ్రాజ్యం కూలిపోయినా రేటు మారలేదన్నమాట, ఇంత నిలకడ ఏ శాఖలో చూస్తాం? కనుమ దగ్గరికి రండి, మీకు రావాల్సింది నా చేత్తోనే ఇస్తానన్నాడాయన. ఆ రాత్రే సూసా వాళ్లని దారి చూపమని ఇంకో తోవలో వెళ్లి, పక్కల మీద నిద్రలో ఉన్నవాళ్లని ఉన్నట్టే చంపించి, వాళ్లకన్నా ముందే కనుమ చేరాడు. పైకి పారిపోయినవాళ్ల కోసం ఆయన సేనాని క్రాటెరస్ అక్కడ ముందే కాచుకుని ఉన్నాడు.

ఇక్కడ వెటకారం చేయబుద్ధి కావడం లేదు గానీ, లెక్క చెప్పాలి కదా. కొండల్లోంచి కూడా వెళ్లగొట్టేవాడేమో, అప్పటి పర్షియా రాజు మూడో డేరియస్ తల్లి సిసిగాంబిస్ బతిమాలబట్టి ఉండనిచ్చాడు. ఎవరి కొడుకు దగ్గర మామూలు గుంజారో ఆవిడే సిఫారసు చేసింది, అదీ తను బందీగా ఉండి! దానికి బదులు ఏటా 100 గుర్రాలు, 500 బరువు మోసే పశువులు, 30,000 గొర్రెలు కట్టాలన్నారు. 30,000 గొర్రెల్ని కొండ దింపి, కదలకుండా నిలబెట్టి లెక్కపెట్టే ఉద్యోగం ఎవరి నెత్తిన పడిందో పాపం.

పక్క కొండల్లో కోస్సియన్లదీ ఇదే వృత్తి. అలెగ్జాండర్ వాళ్లనీ చలికాలంలో వెళ్లి అణిచాడు, ఆయన పోగానే మళ్లీ కౌంటర్ తెరిచారు. క్రీ.పూ. 317లో ఆయన సేనాని ఆంటిగోనస్ ఆ దారినే వెళ్లాల్సి వస్తే, ఎంతో కొంత ఇచ్చేద్దామని పీథాన్ అనే తోటి సేనాని నచ్చజెప్పాడు. ఇంత సైన్యం పెట్టుకుని కొండవాళ్లకి కట్టడమా, పరువు తక్కువన్నాడు ఆంటిగోనస్. పైనుంచి బండరాళ్లు దొర్లాయి, బాణాలు పడ్డాయి. బోలెడుమందిని పోగొట్టుకుని తొమ్మిదో రోజుకి ఎలాగో వాయవ్య ఇరాన్‌లోని మీడియా అనే దేశంలో పడ్డాక, పీథాన్ మాట విని డబ్బు కట్టేసి ఉంటే పోయేదని తెగ బాధపడ్డాడట.