రాబోయే నామినేషనుకు ముందస్తు శుభాకాంక్షలు

విశాఖ మద్దిలపాలెంలో నేను రోజూ బస్సెక్కే చోట ఈ జనవరి మొదటి వారంలో ఒక ఫ్లెక్సీ వెలిసింది. వెలవడమనే క్రియను దేవుళ్లకు వాడతారని తెలిసే వాడుతున్నాను, ఎందుకంటే రాత్రి పదింటికి లేనిది ఉదయం ఏడింటికల్లా ఉంది, కట్టినవాళ్లను ఎవరూ చూడలేదు, విప్పే ధైర్యం ఎవరికీ లేదు. అందులో ఒక ప్రముఖ కథానాయకుడు నల్లకోటు తొడుక్కుని, ఆస్కార్ ప్రతిమను రోకలిలా పట్టుకుని, సముద్రం ఉన్న దిక్కుకు చూస్తున్నాడు. అసలు ప్రతిమ మూరెడు కూడా ఉండదు. పొడవు 34 సెంటీమీటర్లు, బరువు నాలుగు కిలోలకు కాస్త తక్కువ. ఫ్లెక్సీలోది మాత్రం మా వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరంత ఉంది. ఆయన పాదాల కింద ముప్పై ఒక్క తలలున్నాయి, వాటిలో నాలుగు తలలు ఫోన్‌లో మాట్లాడుతున్నాయి. మధ్యలో ఎర్రటి అక్షరాలు: ‘ఆస్కార్ ఉత్తమ నటుడి విభాగంలో నామినేషన్ పొందబోతున్న మా అన్నకు ముందస్తు శుభాకాంక్షలు.’

వ్యాకరణం దృష్ట్యా ‘పొందబోతున్న’ అనే మాట నిర్దుష్టమే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను మన పెద్దలు ఎగతాళికి పుట్టించారని నేను ఇన్నాళ్లూ పొరబడ్డాను. అది ఒక కార్యక్రమ ప్రణాళిక అనీ, దాన్ని అమలు చేయడానికి ముప్పై ఒక్క మంది చందాలు వేసుకుంటారనీ ఈ జనవరిలోనే తెలిసింది. ఆ ఫ్లెక్సీ నా దృష్టికీ రోడ్డుకీ సరిగ్గా మధ్యలో ఉండటంవల్ల పదిహేను రోజులపాటు నేను బస్సును చూసి ఎక్కలేదు, చప్పుడును బట్టి ఎక్కాను, రెండుసార్లు అనకాపల్లి వైపు వెళ్లిపోయాను.

ఈ ధీమాకు ఆధారమేమిటని విచారించాను. ఆధారం ఉంది. ఏటా ఆస్కార్ అకాడమీ వారు పరిశీలనకు అర్హత పొందిన చిత్రాల జాబితా ఒకటి ప్రకటిస్తారు, అందులో అన్న నటించిన చిత్రం పేరుంది. ఈ జాబితాలోకి ఎక్కడానికి చిత్రం బాగుండాలన్న నిబంధన లేదు. అమెరికాలో వారు చెప్పిన ఆరు మహానగర ప్రాంతాల్లో ఏదో ఒకచోట, రోజుకు కనీసం మూడు ఆటల చొప్పున, వరుసగా ఏడు రోజులు ఆడి, దరఖాస్తు సక్రమంగా నింపి, గడువులోగా పంపితే చాలు. ఆ ఆరింటిలో డల్లాస్ ఒకటి. డల్లాస్‌లో తెలుగు చిత్రం ఏడు రోజులు ఆడటం ఎంత కష్టమో, అక్కడి అపార్టుమెంట్లలో కాకినాడ వాళ్లు ఎందరున్నారో తెలిసినవారికి నేను వివరించనక్కరలేదు. 2023 నాటి ఉత్సవానికి ఉత్తమ చిత్రం పరిశీలనకు అర్హత పొందినవి 301 చిత్రాలు, వాటిలో నామినేషన్ దక్కినవి పది. ఈ జాబితాలో పేరు కనబడగానే సంబరం చేసుకోవడమంటే, ఓటర్ల జాబితాలో పేరుంది కనుక శాసనసభ్యుడినయ్యానని ఊరేగడమే. అలా ఊరేగినవారిని వైద్యుడికి చూపిస్తాం. వీరికి మాత్రం ఫ్లెక్సీ కడతాం.

అభిమాన సంఘం అధ్యక్షుడు నాకు ముఖపరిచయమే. ఆ బస్టాపు పక్కనే సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ఒకనాడు నన్ను ఆపి, “మాస్టారూ, మీరు నవ్వుతున్నారని తెలుసు గానీ లెక్క చూడండి” అని, మరమ్మతు రసీదు వెనక్కి తిప్పి కలం తీశాడు. అతని లెక్కలో ఒక్క తప్పు లేదు. అకాడమీలో ఓటున్నవారు సుమారు పదివేల మంది. నటుల నామినేషన్లకు ఓటేసేది నటుల శాఖ మాత్రమే, అందులో సుమారు 1,300 మంది. అయిదు స్థానాలుంటాయి గనుక అయిదుకు ఒకటి కలిపి ఆరుతో భాగించాలి, భాగఫలానికి పైన వచ్చే పూర్ణసంఖ్యే గెలుపు గీత. అందరూ ఓటేసినా 217 మొదటి ప్రాధాన్య ఓట్లు పడితే నామినేషన్ ఖాయం. ఆ 217 చుట్టూ అతను రెండు గీతలతో సున్నా చుట్టి నా వైపు చూశాడు.

“రెండొందల పదిహేడు, మాస్టారూ. మన విశాఖలో తొంభై ఎనిమిది వార్డులున్నాయి. ఏ వార్డులోనైనా రెండొందల పదిహేడు ఓట్లతో కార్పొరేటర్ అవగలరా? కాలేరు. ఆస్కార్ అంతకంటే తేలిక.”

ఆ 217 మందిలో ఒక్కరైనా మన అన్న చిత్రం చూశారా అని అడగబోయి ఆగాను, ఎందుకంటే ప్రతి అంచనాకూ ప్రాణం అలాంటి ప్రశ్న రాకపోవడంలోనే ఉంది. సింహాద్రి అప్పన్నకైనా ఏడాదికొకనాడు చందనం వలిచి నిజరూపం చూపిస్తారు. అభిమాని అంచనాకు ఆ ఒక్కరోజు కూడా లేదు, పై ఏడాది దాని మీద మరో పూత పడుతుంది. ఇంకో మాట చెప్పాలి. ఆ అధ్యక్షుడు ఇంటర్ గణితంలో రెండుసార్లు తప్పాడు. ప్రాధాన్య ఓట్ల బదలాయింపును అతను వివరించిన తీరు వింటే, తప్పింది అతనో గణిత శాస్త్రమో నాకు అర్థం కాలేదు.

అసీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర జరిగిన నూటొక్క కొబ్బరికాయల కార్యక్రమానికి నేను వెళ్లలేదు. అక్కడ కొత్త వాహనాలకు పూజ చేస్తారు గనుక అన్న కటౌట్‌ను ఒక మోటారు సైకిలుకు కట్టి వరుసలో నిలబెట్టారనీ, చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టారనీ విన్నాను.

నామినేషన్ల ప్రకటన మన కాలమానం ప్రకారం సాయంత్రం 7 గంటలకు. ఆ రోజు ఆరున్నరకే టీకొట్టు ముందు నలభై మంది చేరారు. పంచదార డబ్బాకు ఆనించి ఒక ఫోను, దానికి తగిలించిన స్పీకరు, పాలాభిషేకం కోసం ఒక ప్లాస్టిక్ టబ్బులో యాభై పాల ప్యాకెట్లు, గోనె మీద పరిచిన పదివేల సీమటపాకాయల దండ, అందరికంటే ముందు వరుసలో గంటల లెక్కన మాట్లాడుకొచ్చిన అయిదుగురు డప్పుల వాళ్లు. ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రవాణ్ణి దుబాసీగా నియమించారు. అమెరికాలో అప్పుడు తెల్లవారుజాము గనుక ప్రకటించేవాళ్లు ఆవలింతలు ఆపుకుంటూ ఉంటారేమో, ఇక్కడ మాత్రం ఎవరూ రెప్ప వేయలేదు.

మొదటి విభాగం మొదలైంది. పేరుకూ పేరుకూ మధ్య వచ్చే చిన్న విరామంలో డప్పుల పెద్ద చేయి పైకి లేపి, “కొట్టమంటారా, బాబూ?” అన్నాడు. “ఇంకా కాదు” అన్నాడు అధ్యక్షుడు. రెండో విభాగం వచ్చింది. “కొట్టమంటారా?” “అది దుస్తులది.” మేకప్ విభాగంలో ఎవరిదో పేరు అన్న ఇంటిపేరులా వినబడటంతో ఒక డప్పు తొందరపడి మోగింది, మోగగానే ఒకడు ప్యాకెట్ చింపాడు, అర లీటరు పాలు ఫ్లెక్సీలో అన్న బూట్ల మీద పడ్డాయి, దుబాసీ రెండు చేతులూ ఊపి అందరినీ ఆపాడు. లఘు డాక్యుమెంటరీల విభాగంలో టీలు తాగారు. ధ్వని విభాగం రాగానే అధ్యక్షుడు విసుక్కుని, “ఈ సౌండోళ్ల గొడవ మనకెందుకు, ముందుకు జరపండ్రా” అన్నాడు. ప్రత్యక్ష ప్రసారాన్ని ముందుకు జరపడం కుదరదని దుబాసీ చెప్పినప్పుడు, అమెరికావాళ్ల సాంకేతిక పరిజ్ఞానం మీద అక్కడున్నవారికి గౌరవం తగ్గడం నేను కళ్లారా చూశాను.

ఉత్తమ నటుడి విభాగం వచ్చింది. ఒకటో పేరు. రెండో పేరు. డప్పుల పెద్ద చేయి గాలిలోనే ఉంది. మూడు, నాలుగు, అయిదు. తర్వాత నటీమణుల విభాగం మొదలైపోయింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు, “నెట్ ఆగింది, మధ్యలో ఒక పేరు మింగేసింది” అన్నాడు. వెనక్కి జరిపి మళ్లీ చూశారు. అవే అయిదు పేర్లు. మూడోసారి చూస్తే అయిదో పేరు మారుతుందేమోనని మూడోసారి కూడా చూశారు. తిరుపతి లడ్డూ కూపన్ల లైనులో కూడా అంతటి నమ్మకం నేను చూడలేదు. ఇంతలో రోడ్డుకు అవతల ఉన్నట్టుండి టపాకాయలు పేలాయి. వాళ్లు ఇంకో కథానాయకుడి అభిమానులు. వాళ్ల నాయకుడి చిత్రం ఏ జాబితాలోనూ లేదు, దరఖాస్తు కూడా వేయలేదు. ఇతగాడికి రాకపోతే పండగ చేసుకోవాలని వారం కిందటే టపాకాయలు కొని ఉంచుకున్నారట. ఆ సాయంత్రం మద్దిలపాలెంలో ఏ లోటూ లేని ఆనందం పొందినవాళ్లు వాళ్లే.

నవ్వుకుంటూ ఇంటికి పోవలసిన వాడిని, పోకుండా ఒక పొరపాటు చేశాను. పక్కనున్న కుర్రవాణ్ణి, “బాబూ, 2023లో మన తెలుగు పాట ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చింది కదా, ఎవరికి వచ్చింది?” అని అడిగాను. ఒకడు ఒక హీరో పేరు చెప్పాడు. ఇంకొకడు కాదని మరో హీరో పేరు చెప్పాడు. ఆ స్టెప్పులో ఎవరి కాలు ఎంత ఎత్తు లేచిందన్న దాని మీద ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. నలభై మందిలో ఒక్కడూ, ఒక్కడంటే ఒక్కడూ, చంద్రబోస్ అనలేదు. కీరవాణి పేరు దుబాసీ ఒక్కడికి గుర్తొచ్చింది.

ఆ బంగారు బొమ్మ కాళ్లకు ఇవ్వలేదయ్యా. నృత్య దర్శకత్వానికి ఆస్కార్ ఉన్నది 1935 నుంచి 1937 దాకా వచ్చిన చిత్రాలకే, తర్వాత తీసేశారు. ఆ రోజు 81 పాటల్లోంచి పదిహేనుకీ, పదిహేనులోంచి అయిదుకీ వచ్చి గెలిచింది ఒక పాట. ఆ బొమ్మ మీద హక్కున్నవి రెండే పేర్లు, బాణీ కట్టినవాడిదీ మాట రాసినవాడిదీ. తెలుగులో రాసిన మాటకు, మన ఊరి పొలంగట్టు మాటకు, ప్రపంచం లేచి నిలబడితే, ఆ మాట రాసిన మనిషి ముఖం ఈ నగరంలో నేను చూసిన ఒక్క ఫ్లెక్సీ మీదా లేదు. ముప్పై ఒక్క తలలకు చోటుంది, ఫోన్ మాట్లాడే తలలకు చోటుంది, కవికి చోటు లేదు.

ఆ పాటకు 2023 జనవరి 24న నామినేషన్ ప్రకటించిన తొమ్మిదో రోజున, ఫిబ్రవరి 2న, కె. విశ్వనాథ్ పోయారు. మన దేశం తరఫున ఆస్కార్‌కు అధికారికంగా వెళ్లిన ఒకే ఒక్క తెలుగు చిత్రం ఆయన ‘స్వాతిముత్యం’. దానికి నామినేషన్ రాలేదు. ఈ దేశం పంపిన చిత్రాల్లో ఉత్తమ విదేశీ భాషా చిత్రం విభాగంలో నామినేషన్ దాకా వెళ్లినవే మూడు: ‘మదర్ ఇండియా’, ‘సలాం బాంబే’, ‘లగాన్’. ఆయన ఈ రంగంలోకి వచ్చింది మద్రాసు వాహిని స్టూడియోలో ధ్వని విభాగంలో పనిచేయడానికి. “సౌండోళ్ల గొడవ మనకెందుకు” అన్నావే, అధ్యక్షా, ఆ సౌండోళ్లలోంచి వచ్చిన మనిషాయన. ఆ ఫిబ్రవరిలో ఇదే కూడలిలో మీవాళ్లు కాలి ఎత్తు మీద కొట్టుకుంటున్నారు. నేను చూశాను.

మన సొంత బహుమతి సంగతి అడిగారా ఎవరైనా? 1964లో మొదలైన నంది పురస్కారాన్ని, మన లేపాక్షి బసవన్నను, మూడేళ్లవి కలిపి 2017 నవంబరులో ప్రకటించారు, 2016 చిత్రాలతో ఆగిపోయింది. రచయితకు, ఎడిటర్‌కు, కళాదర్శకుడికి ఏడాదికొకసారి పేరు పెట్టి పిలిచే ఒకే ఒక్క పిలుపు ఏళ్ల తరబడి మూగబోయింది. అవతల తెలంగాణ వాళ్లు 2025లో గద్దర్ పేరిట పురస్కారాలిచ్చారు. ఇక్కడ నంది కోసం ఎవరు అడిగారు? నూటొక్క కొబ్బరికాయల్లో ఒక్క చిప్ప దానికోసం పగిలిందా? సినిమాహాలు పేరే కూడలి పేరుగా మారిన ఊరు మనది, జగదాంబ అంటే హాలో జంక్షనో విడదీయలేం. అలాంటి ఊళ్లో నంది బొమ్మతో ఒక్క ఫ్లెక్సీ కట్టరు గానీ, 217 ఓట్ల లెక్క మాత్రం కంఠతా వచ్చు. సిగ్గుండాలి.

ఇదంతా పైకి అన్నానో, లోపల అనుకున్నానో ఇప్పుడు సరిగా చెప్పలేను. పైకే అని ఉంటాను, ఎందుకంటే అధ్యక్షుడు నా భుజం మీద చేయి వేసి, “మీరు ఆవేశపడకండి మాస్టారూ, 2028 ఉంది” అన్నాడు. 2027లో విడుదలయ్యే చిత్రాల నుంచి, అంటే 2028 ఉత్సవం నుంచి, స్టంట్లకు కూడా ఆస్కార్ ఇస్తామని అకాడమీ ప్రకటించిన మాట నిజమే. అన్న ఫైట్లు అన్న చేయడనీ, చేసేది అదే చొక్కా తొడిగిన వేరే మనిషనీ, బొమ్మ రావలసింది ఆ ఫైట్లు రూపొందించినవాళ్లకనీ చెప్పబోయాను. కానీ అప్పటికే అతను రసీదు వెనక అకాడమీలోని స్టంట్ సభ్యుల సంఖ్య వేసుకునే గడి గీస్తున్నాడు.

డప్పుల వాళ్లు మాత్రం మాట్లాడుకున్న డబ్బు పూర్తిగా ఇమ్మన్నారు. కొట్టకుండా డబ్బెందుకని కోశాధికారి అడిగాడు. అయితే కొడతాం అన్నారు వాళ్లు. కొట్టారు. సంతోషంగా కొట్టాలో విషాదంగా కొట్టాలో ఎవరూ చెప్పకపోవడంతో తమకు బాగా అలవాటైన వరసలో, తాపీగా, తలలు దించుకుని కొట్టారు. అప్పుడే బస్సు దిగిన ఒక పెద్దావిడ ఆగి, చెప్పులు విడిచి, ఫ్లెక్సీలోని మనిషికి దండం పెట్టి, “సిన్న వొయిసే. ఎలా పోయాడు బాబూ?” అని నన్నడిగింది.

నేను జవాబు వెతుక్కునేలోగా టీకొట్టావిడ టబ్బు వైపు చూపించి కేకేసింది: “ఆ పాలేటి సేత్తారో సెప్పండర్రా, ఇరిగిపోతన్నాయి!”