తప్పులు ఒప్పుకునే దురాచారం

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌ను తయారుచేసేవారి నడవడిక చూస్తూ బాధ్యత గల పౌరులు ఇంకా నోరు మూసుకుని కూర్చోవడం భావ్యం కాదు. ఏటా ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో రెండో గురువారం నాడు వీరు మరమ్మతు చేసిన వెర్షన్లు విడుదల చేస్తారు. అంతవరకు అభ్యంతరం లేదు. కానీ తాము ఏయే తప్పులు చేశారో, వాటివల్ల ఎవరి డేటా పాడై ఉండవచ్చో, పాడైతే ఏమి చేసుకోవాలో కూడా వరసగా రాసి లోకానికి చూపిస్తారు. ఎవరూ నిలదీయలేదు, విచారణ సంఘమూ వేయలేదు. మా పర్లాకిమిడిలో లక్ష్మీవారం పూట చేబదులు ఇవ్వడానికే వెనకాడేవారున్నారు. వీరు ఆ రోజే ఇంటి గుట్టంతా వీధిలో ఆరబోస్తారు.

2024 నవంబరులో జరిగింది చూడండి. 14వ తేదీన 17.1 వెర్షన్ వచ్చింది. అందులోని ఒక మార్పు కొన్ని ఎక్స్‌టెన్షన్లను, అంటే డేటాబేస్‌కు తగిలించుకునే అదనపు భాగాలను, దెబ్బతీస్తుందని వెంటనే తేలింది. పరువు గల శాఖ ఏదైనా ఇలాంటప్పుడు ముందు ఖండిస్తుంది, తరవాత కింది ఉద్యోగిని బదిలీ చేస్తుంది, చివరికి గిట్టనివారి ప్రచారమని తేల్చేస్తుంది. వీరు వారం రోజులకే, 21న, 17.2 తెచ్చి మరమ్మతుకు మరమ్మతు చేశామన్నారు. అదే రోజు 12వ వెర్షన్‌కు ఆఖరి విడుదల ఇచ్చి, ఐదేళ్ళు నిండాయి కనుక ఇక దాని మంచిచెడ్డలు తాము చూడబోమని చేతులు కడుక్కున్నారు. పుట్టిననాడే పోయే గడువు కూడా చెప్పేయడం వీరి ఆచారం. మన పథకాలకు ఇలాంటి అమంగళం లేదు. ఎన్నికల తరవాత పేరు మారుతుంది, పాస్‌పుస్తకం మీద బొమ్మ మారుతుంది, గోడ రంగు మారుతుంది. తప్పు మాత్రం కొత్త బొమ్మ చల్లని నీడలో క్షేమంగా ఉంటుంది.

ఇంతకన్నా ఘోరం, తమది కాని తప్పును కూడా వీరు నెత్తిన వేసుకోవడం. లైనక్స్‌లో అక్షరక్రమాన్ని నిర్ణయించే జీలిబ్‌సీ అనే లైబ్రరీ 2018లో 2.28 వెర్షన్‌తో ఆ క్రమాన్ని బాగా మార్చింది. డేటాబేస్‌లో త్వరగా వెతకడానికి పెట్టుకున్న ఇండెక్సులు, అంటే సూచికలేమో పాత క్రమంలో పేర్చి ఉన్నాయి. వెతికేవాడు కొత్త క్రమంలో వెతుకుతాడు. ఫలితంగా పట్టికలో నిక్షేపంలా ఉన్న మనిషి లేడని జవాబు వస్తుంది. లేడు కదా అని అదే పేరును మళ్ళీ ఎక్కిస్తే, రెండోసారి రానివ్వకూడని యూనిక్ ఇండెక్స్ కూడా దారి వదులుతుంది. లైబ్రరీ మరొకరిది, మార్పు మరొకరిది. అయినా పోస్ట్‌గ్రెస్ వారు ఇండెక్సులు తిరిగి కట్టుకోండని ఊరంతా చాటారు, తరవాతి వెర్షన్లలో క్రమం మారితే హెచ్చరించే ఏర్పాటూ చేశారు.

ఉన్నవాడిని లేడనడం, ఒక్కడినే రెండుసార్లు రాసుకోవడం తమ రంగంలో పుట్టిన వింతలని వారు భావిస్తే, ఒకసారి కోరాపుట్ జిల్లా పొట్టంగి వైపు రావాలి. అక్కడి కొటియా పల్లెలు, ఇరవై పైచిలుకు, తమవేనని ఒడిశా అంటుంది. సాలూరు మండలంలోవని ఆంధ్రప్రదేశ్ అంటుంది. చాలామందికి రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. ఒక పట్టికలో పాటుసెనేరి అయిన ఊరు రెండో పట్టికలో పట్టుచెన్నూరు. 2021 ఫిబ్రవరి 11న పోస్ట్‌గ్రెస్ వారు 13.2 విడుదల చేసి తమ తప్పులు ఏకరువు పెడుతున్న ఆ వారంలోనే, ఈ పల్లెల్లో కొన్నింటికి ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు వచ్చాయి, కోర్టు ధిక్కారమని ఒడిశా సుప్రీం కోర్టు గడప ఎక్కింది. తప్పొప్పుల చిట్టా రాసే రిలీజ్ నోట్స్ ఇటువైపు నుంచీ లేవు, అటువైపు నుంచీ లేవు.

డేటాబేస్‌లో రెండు లావాదేవీలు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ బిగుసుకుపోతే దాన్ని డెడ్‌లాక్ అంటారు. పోస్ట్‌గ్రెస్ మామూలు అమరికలో ఒక్క సెకను ఓర్చుకుని, పరిస్థితి చూసి, ఇద్దరిలో ఒకరిని రద్దు చేసేస్తుంది. ఎంత తొందరపాటు! కొటియా వ్యవహారం 1968లో సుప్రీం కోర్టుకు చేరి, యథాతథ స్థితి అనే గట్టి లాకు పడి, 2006లో సాంకేతిక కారణాలపై ముగిసి, ఇప్పటికీ ఎక్కడిదక్కడే ఉంది. నిదానం అంటే ఇది.

మాకు మేజర్ వెర్షన్ 1936 ఏప్రిల్ 1న వచ్చింది. ఆ రోజు పర్లాకిమిడి మద్రాసు పట్టిక నుంచి ఒడిశా పట్టికకు మారింది. ఆ అప్‌గ్రేడ్‌తో సమాధానపడలేక గిడుగు రామమూర్తి పంతులుగారు రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. పాత వెర్షన్‌కు తిరిగి వెళ్ళే సౌకర్యం అప్పట్లోనూ లేదు.

డేటాబేస్‌ల లోకంలో పెద్దమనుషులు బొత్తిగా లేరనను. మైఎస్‌క్యూఎల్ ఉంది. అందులో యూటీఎఫ్8 అని పేరు పెట్టిన అక్షరసముదాయం ఒక్కో అక్షరానికి మూడు బైట్లే ఇచ్చేది. తెలుగుకు, ఒడియాకు మూడు చాలు కనుక మనకు తెలియలేదు. నాలుగు బైట్ల ఎమోజీ వచ్చేసరికి బండారం బయటపడింది. వారు పాతదాన్ని దిద్దలేదు. 2010లో యూటీఎఫ్8ఎంబీ4 అని పక్కన ఇంకో పేరు పెట్టారు. ఇదీ పాలనాదక్షత! ఒక పట్టికను ఇంకోదానికి ముడివేసే ఫారిన్ కీ ద్వారా వరసలు వాటంతటవే తొలగినప్పుడు, మార్పు జరగగానే తమంతట తాము నడవాల్సిన ట్రిగ్గర్లు పనిచేయవన్న ఫిర్యాదు ఒకటి 2005లో నమోదైంది. అది ఎంతకాలం నిలిచిందంటే, ఏటేటా జనం వచ్చి దానికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పిపోయేవారు. మా సరిహద్దులో ఎవరిని అడిగినా ఇది ఆశ్చర్యమనరు.

కాబట్టి కేంద్రం జోక్యం చేసుకుని, ఈ రెండో గురువారాల తంతును తక్షణం ఆపించాలి. రాష్ట్రాల ఉద్యోగులెవరైనా చదివి ఆ అలవాటు నేర్చుకున్నాక విచారించి లాభం లేదు. ఒకవేళ ఉత్సాహవంతుడెవరైనా ఇదే స్ఫూర్తితో కొటియా పట్టికలో జంట వరసలు ఏరి ఒకటి తీసేయబోతే మాత్రం, ముందు అక్కడి ఇల్లాళ్ళను పిలిచి ఏ రాష్ట్రం బియ్యం వదులుకుంటారని అడగాలి. అడిగేవాడు కాస్త దూరంగా నిలబడి అడగడం మంచిది.